చివర వచ్చే మొదటి ఫారం

కాగితం కుడి అంచును ఎడమ అంచు మీదికి తెచ్చి, మూలలు కలిశాయో లేదో బొటనవేలితో తడిమి, మడత మీద వెదురు బద్దతో ఒక్కసారి గట్టిగా లాగాలి. తిప్పి మళ్లీ మడవాలి. ఇంకోసారి తిప్పి ఇంకోసారి మడవాలి. దుప్పటిలా పరుచుకున్న కాగితం మూడు మడతల్లో పుస్తకమంత అవుతుంది. పదహారు పేజీల ఆ కట్టను ప్రెస్సులో ఫారం అంటారు. అలాంటి ఫారాలను వరసగా పేర్చి కుడితే పుస్తకం.

ఆ పని చేస్తున్నంతసేపూ మడతల పిన్ని పెదవులు కదులుతూనే ఉన్నాయి.

"అది కటింగ్ మిషను. అది పంకా. అది పైకప్పు మీద వాన."

పక్కన కూర్చుని ఫారాలు కుట్టే ఆవిడను అందరూ కుట్టు వదిన అంటారు. ఆవిడ దారం కొరికి, కళ్లజోడు పైనుంచి చూసింది.

"పొద్దున్నే మొదలుపెట్టావా పిన్నీ? ఇవాళ నాకేం పేరు పెట్టావు?"

"అది కుట్టు వదిన దగ్గు."

"పోనీలే, నా దగ్గుకైనా గుర్తింపు వచ్చింది."

పిన్ని నవ్వింది, కానీ చేతులు నవ్వలేదు. పొద్దున ఇంట్లోంచి బయలుదేరేటప్పుడు అక్క ఊపిరి తీరు ఆమెకు నచ్చలేదు. ఒక ఊపిరికీ ఇంకో ఊపిరికీ మధ్య అంత ఖాళీ మునుపు ఉండేది కాదు. ఆ ఖాళీలో నిలబడి, చెప్పులు వేసుకుని కూడా, పిన్ని గుమ్మం దాటలేకపోయింది. చివరికి అక్కే కళ్లు తెరవకుండా విసుక్కుంది. "వెళ్లవే. నువ్వక్కడ నిలబడితే గాలి రావడం లేదు."

పిన్నికి యాభై దాటి చాలా కాలమైంది. భయం ఆమెకు జలుబులా వచ్చిపోయేది కాదు, ఎత్తులా, రంగులా ఒంటితో పుట్టింది. కుక్కలంటే భయం. లిఫ్టంటే భయం. కటింగ్ మిషను కత్తి కిందికి దిగే ప్రతిసారీ, అది గది అవతల ఉన్నా సరే, వేళ్లు ముడుచుకుంటుంది. సూపర్‌వైజరు బూట్ల చప్పుడంటే భయం. అతను తిట్టే మనిషి కాడు. అయినా భయమే. చిన్నప్పుడు అమ్మానాన్నలు ఒకరి వెనక ఒకరు పోయాక, ఆడపిల్లల హాస్టల్లో వంట చేసి అక్క ఆమెను పెంచింది. ఇంటి యజమానితో గొడవపడాలన్నా, ఆసుపత్రిలో వరసలో నిలబడాలన్నా, దీపం పోతే ఫ్యూజు మార్చాలన్నా అక్కే. పిన్ని పని అక్క వెనక నిలబడి అక్క భుజం మీంచి చూడడం.

ఒకసారి ప్రెస్సులో అందరూ కలిసి కొండల్లో జలపాతం చూడడానికి బయలుదేరారు. పిన్ని కొత్త సంచి కుట్టించుకుంది. బస్సు దాకా వెళ్లింది. మెట్టు మీద కాలు పెట్టింది. అక్కకు జ్వరంగా ఉందని చెప్పి దిగిపోయింది. అక్కకు జ్వరం లేదు. ఇంటికొస్తే అక్క గుమ్మంలో బియ్యం చెరుగుతూ ఏమీ అడగకుండా పక్కకు జరిగి చోటిచ్చింది. ఆ సంచిలో ఇప్పుడు పాత గుడ్డలున్నాయి.

అలాంటి మనిషి చేతికి అడవి పుస్తకం వచ్చింది.

అది నవల. ఒంటరిగా అడవికి వెళ్లిన ఒక ఆడమనిషి కథ. రాసినావిడ ఎవరో పిన్నికి తెలియదు. పుస్తకం పేరు కూడా తెలియదు. ఎందుకంటే పేరూ, ముందుమాటా, కథ మొదలూ ఉండేది మొదటి ఫారంలో. మొదటి ఫారం అచ్చయ్యేది అన్నిటికంటే చివర. ముందుమాట రాసే పెద్దలు ఎప్పుడూ ఆలస్యం చేస్తారు, వాళ్ల కోసం మిషను ఆగదు కదా. అందుకని రెండో ఫారంతో మొదలుపెట్టి, మిగతావన్నీ అచ్చు వేసుకుంటూ పోయి, ఆఖరున మొదటిది వేస్తారు. బయటివాళ్లకు వింతగా ఉంటుంది కానీ, ప్రెస్సులో ఎవరికీ ఉండదు. కాబట్టి పిన్నికీ, ఆమె అక్కకూ కథ పదిహేడో పేజీలో మొదలైంది. అడవి మొదట్లో బస్సు ఆగింది. ఆమె దిగింది. బస్సు వెళ్లిపోయింది. చేతిలో ఒక సంచి, కాళ్లకు తడిసిన బూట్లు, ఎదురొచ్చే మనిషి లేడు.

ఆ మొదటి వాక్యాలు మడుస్తూ మడుస్తూ చదివిన రోజున పిన్ని గుండె నిజంగానే దడదడలాడింది. ఇలా ఎవరైనా వెళ్తారా? వెళ్లి తిరిగి రాకుండా ఉంటారా? మధ్యాహ్నానికల్లా ఆ ఫారం మొత్తం ఆమెకు నోటికి వచ్చేసింది. ఒకే కాగితాన్ని రోజంతా మడిచేవాళ్లకు అది పెద్ద విషయం కాదు. సాయంత్రం మిషను గదిలో పారేసిన కాగితాల కుప్పలోంచి మరకపడ్డ ఒక షీటు తీసుకుని, మడిచి, టిఫిన్ సంచిలో పెట్టుకుని ఇంటికి తీసుకెళ్లింది. అక్క అప్పటికే మంచం పట్టింది. వానలు మొదలైన దగ్గర్నుంచి గుండె నీరసపడి, కాళ్లకు నీరు దిగి, ఇక ఇంటి దగ్గరే చూసుకోమని డాక్టరు చెప్పేశాడు.

"చదువు," అంది అక్క. "నీ ఏడుపు మొహం చూసేకంటే అదే నయం."

అలా మొదలైంది. కొత్త ఫారం మిషను దిగిన ప్రతిసారీ ఇంట్లో చదువు. అక్కకు ఆ అడవి మనిషి నచ్చింది. ఆవిడ ఏం తింటోందో, స్నానం ఎక్కడ చేస్తోందో రచయిత్రి సరిగా రాయలేదని తిట్టేది. "మూడు రోజులుగా దుంపలే తింటోందిట. కడుపు పట్టెయ్యదూ?" అడవిలో కాపలా ఉద్యోగి ఒకడు వచ్చాడు. ఎక్కువ మాట్లాడడు, నవ్వుతాడు. "మాటకు ముందు నవ్వే మగాణ్ని నమ్మకూడదు," అని అక్క తేల్చేసింది. వాగు పొంగిన రాత్రి అతను ఆవిడ గుడిసె చుట్టూ గట్టు వేసి, లోపలికి రమ్మన్నా రాకుండా వానలోనే వెళ్లిపోయిన ఫారం చదివాక, చాలాసేపు పైకప్పు చూసి, "మనవాడు జలుబు తెచ్చుకుంటాడే," అంది. ఆ తర్వాత అతను మనవాడే.

ఆ మనవాడే అడవి మనిషికి ఒక ఉపాయం చెప్పాడు. మొదట్లో రాత్రిళ్లు ఆవిడ నిద్రపట్టక వణికిపోతుంటే, చప్పుళ్లకు పేర్లు పెట్టమన్నాడు. అది గుడ్లగూబ. అది ఎండుటాకు. అది నీళ్లు. పేరున్నదాన్ని చూసి అంత భయమెయ్యదన్నాడు. ఆవిడ అలాగే చేసింది. పుస్తకం సగానికి వచ్చేసరికి అడవిలో పేరు లేని చప్పుడు ఒక్కటే మిగిలింది, అది తన గుండె చప్పుడని తెలుసుకుంది. ఆ పేజీని పిన్ని రెండుసార్లు చదివింది. ఆ రాత్రి నుంచి ఆమె కూడా చీకట్లో పెదవులు కదపడం మొదలుపెట్టింది. అది కుళాయి చుక్క. అది గోడ అవతల టైలరమ్మ కుట్టుమిషను. అది అక్క ఊపిరి.

ఒక్క విషయం మీదే అక్కాచెల్లెళ్లకు కుదరలేదు. అసలు ఆవిడ ఇల్లెందుకు వదిలింది?

"మొగుడు కొట్టుంటాడు," అనేది అక్క. "కొడితే గిన్నె తీసుకుని వాడి నెత్తిన ఒక్కటిచ్చి వచ్చుంటుంది."

పిన్ని లోపల వేరే జవాబుంది. ఇంట్లో ఎవరూ మిగల్లేదు కాబట్టి వెళ్లి ఉంటుంది. ఉన్న ఒక్కరూ పోయి ఉంటారు. లేకపోతే ఎవరు వెళ్తారు? ఆ మాట ఆమె ఒక్కసారి కూడా పైకి అనలేదు.

ఆఖరి ఫారం చదివిన సాయంత్రం అక్క దిండుకు ఆనుకుని తృప్తిగా నవ్వింది. "మొదలొకటి తెలియాలి. అది తెలిసేదాకా నన్నెవడూ తీసుకెళ్లలేడు, చూస్తూండు."

అక్క అన్నది సరదాకే. పిన్ని మాత్రం ఆ మాటను గట్టిగా పట్టుకుంది. రోజూ పొద్దున్నే ప్రెస్సుకు రాగానే మిషను గది వైపు చూసేది. ముందుమాట రాలేదని తెలిస్తే గుండె కుదుటపడేది. ఆ ముందుమాట రాసే పెద్దమనిషి బద్ధకం ఇంకొన్నాళ్లు అలాగే ఉండాలని మనసులో కోరుకునేది.

*

మిషన్‌మాన్ చేతులు గుడ్డకు తుడుచుకుంటూ వచ్చాడు. "మీ అడవి పుస్తకానికి మోక్షం వచ్చింది పిన్నీ. ముందుమాట వచ్చేసింది. మొదటి ఫారం ఎక్కించేశాం. రేపు మీ బల్ల మీదికొస్తుంది."

వెదురు బద్ద మడత మీంచి జారి, కాగితం అడ్డంగా చిరిగింది. పిన్ని చిరిగిన కాగితాన్ని ఒళ్లో దాచుకుంది, ఎవరో తిడతారన్నట్టు.

అన్నాలప్పుడు కుట్టు వదినతో గొంతు తగ్గించి అంది. "తీసుకెళ్లను."

"ఎందుకని?"

"ఇంకా మిషను ఎక్కలేదని చెప్తా. ఎల్లుండీ అదే చెప్తా."

కుట్టు వదిన ఆమె మొహం వంక కాసేపు చూసింది. విషయం అర్థమై, ఎప్పుడూ వేసే జోకు వెయ్యలేదు. "నువ్వు అబద్ధమాడితే ముక్కు చివర చెమట పడుతుంది పిన్నీ. నాకే తెలుసు. నిన్ను పెంచినావిడకు తెలియదూ?"

"ముక్కు తుడుచుకునే లోపలికెళ్తా."

"తుడుచుకో. ఆ చెమటకేం, మళ్లీ పడుతుంది." కొంచెం ఆగి, మెల్లగా అంది. "అయినా తీసుకెళ్లడం అంత తేలికా? ప్యాకింగు పిల్ల సంగతి మర్చిపోయావా?"

మర్చిపోలేదు. కూరగాయలు చుట్టుకోవడానికి పారేసిన కాగితాలు పట్టుకెళ్తోందని ప్యాకింగ్‌లో పనిచేసే అమ్మాయిని అక్కడికక్కడే పంపించేశారు. అప్పటినుంచీ గేటు దగ్గర సంచులు తెరిచి చూస్తున్నారు. అడవి పుస్తకం ఆఖరి ఫారాలను పిన్ని స్వెట్టరు లోపల, నడుముకు చుట్టుకుని తీసుకెళ్లింది. ఆ స్వెట్టరు అక్కది, పిన్నికి రెండింతలుంటుంది. గేటు దాటేదాకా ఊపిరి బిగబట్టడం వల్ల ఇంటికెళ్లేసరికి తల తిరిగేది. ఈ వయసులో ఉద్యోగం పోతే ఎవరిస్తారు? మడవడం తప్ప ఆమెకు ఇంకేం వచ్చు?

వద్దు. తీసుకెళ్లకూడదు. అక్కా బతుకుతుంది, ఉద్యోగమూ ఉంటుంది. ఆ నిర్ణయంతో పిన్ని కాసేపు చాలా ప్రశాంతంగా మడిచింది.

అప్పుడు ఫోను మోగింది.

ఫోను మోగడమంటే అక్క గురించే. పగటిపూట అక్కను కనిపెట్టుకుని ఉండే టైలరమ్మ తప్ప ఆ నంబరుకు ఎవరూ చెయ్యరు. పిన్ని ఫోనును చెవికి కాక ముందు గుండెకు ఆనించుకుంది. తర్వాత చెవి దగ్గర పెట్టుకుంది.

"పాలు పట్టాను, మింగలేదు," అంది టైలరమ్మ. "కంగారు పడకు. మాట్లాడుతూనే ఉంది. మాటిమాటికీ ఒకటే అడుగుతోంది. ఫారం వచ్చిందా, ఫారం వచ్చిందా అని. ఏం ఫారమే అది? ఆసుపత్రిదా? నేనెక్కడికన్నా వెళ్లి తేవాలా?"

"ఆసుపత్రిది కాదు," అంది పిన్ని. "కథ."

"కథా!" టైలరమ్మ అవతల ఎవరికో చెబుతున్నట్టు నిట్టూర్చింది. "సరే, ఆ కథేదో తొందరగా పట్రా. నాకు ఆవిడ వాలకం బాగాలేదు."

*

మిషను గదిలో సిరా, కిరసనాయిలు కలిసిన వాసన. మిషన్‌మాన్ టీకి వెళ్లాడు. గోడ పక్కన పారేసిన కాగితాల కుప్ప. పైనే ఉంది. పెద్ద పెద్ద అక్షరాల్లో ఒక పేరు, దాని కింద ఇంకేదో.

అది మిషను చల్లబడుతున్న చప్పుడు, అనుకుంది పిన్ని. అది వాన. అది బూట్లు.

బూట్లు. సూపర్‌వైజరు వరండాలో ఎవరితోనో మాట్లాడుతూ ఇటే వస్తున్నాడు.

ఆమె పైనున్న షీటును లాగి, స్వెట్టరు ఎత్తి, నడుము చుట్టూ తిప్పుకుని, కిందికి లాక్కుంది. కాగితం చల్లగా తగిలింది. తలుపు తెరుచుకుంది.

"ఏం పిన్నీ, ఇక్కడున్నావు?"

"టీ..." అంది పిన్ని.

"టీ ఇక్కడివ్వరుగా." అతను నవ్వి, బల్ల మీదున్న తన గొడుగు తీసుకుని వెళ్లిపోయాడు.

పిన్ని కుప్ప మీద కూలబడబోయి గోడ పట్టుకుంది. అంత భయంలో ఆమె ఒక పని మరిచిపోయింది. మడత పనిలో చేరినవాళ్లకు మొదటిరోజే నేర్పే పని అది. ఏ షీటునైనా చేతిలోకి తీసుకోగానే వెనక్కి తిప్పి చూడాలి.

సాయంత్రం గేటు దగ్గర వరస. సంచులు తెరుస్తున్నారు. వరస ఒక్కొక్కరే తరుగుతుంటే కాగితం ఆమె ఒంటి వేడికి మెత్తబడుతోంది. ఊపిరి పీలిస్తే చప్పుడవుతుందని పీల్చడం మానేసింది. వాచ్‌మన్ టిఫిన్ సంచి తెరిచి, ఖాళీ డబ్బా చూసి, మూసి ఇచ్చాడు. ఇచ్చి, చెయ్యి వదల్లేదు.

"పిన్నీ."

ప్యాకింగు పిల్ల ఇలాగే ఈ గేటు దగ్గరే ఏడ్చింది.

వాచ్‌మన్ ఆమె వంక కాక ఆకాశం వంక చూస్తున్నాడు. "వాన ఇప్పుడప్పుడే తగ్గేలా లేదు. నా గొడుగు పట్టుకెళ్లు. తడిసిందంటే పచ్చి అచ్చు, అంటుకుంటుంది."

పిన్ని గొడుగు తీసుకుంది. అతను చెప్పింది పూర్తిగా అర్థమయ్యేసరికి వీధి మలుపు దాటేసింది. అంటే అతనికి మొదటినుంచీ తెలుసన్నమాట. తెలిసి ఊరుకునేవాళ్లు కూడా ఉంటారని ఇన్నేళ్లలో ఆమెకెవరూ చెప్పలేదు.

*

టైలరమ్మ గుమ్మంలోనే లేచి నిలబడింది. "మెలకువగానే ఉంది. నేను గోడ అవతలే ఉంటా. పిలువు." వెళ్తూ వెళ్తూ పిన్ని భుజం మీద చెయ్యి వేసింది. పిన్ని చెప్పులు విప్పకుండానే లోపలికి వెళ్లింది.

అక్క మొహం దిండులో చిన్నదైపోయింది. కళ్లు మాత్రం అవే.

"వచ్చిందా?"

ముక్కు తుడుచుకోవచ్చు. ఇంకా మిషను ఎక్కలేదని చెప్పొచ్చు. పిన్ని స్వెట్టరు ఎత్తి, కాగితం బయటికి తీసింది.

"వచ్చింది."

అక్క మొహంలో వెలుగొచ్చింది. "ఇక్కడే మడువు. నేను చూస్తుండగా."

పిన్ని మంచం పక్కన నేల మీద షీటు పరిచింది. మడవడానికి వెనక్కి తిప్పింది. తిప్పి, అలాగే ఉండిపోయింది.

వెనక వైపు తెల్లగా ఉంది. అచ్చు లేదు. మిషను మీద ఒక పక్క పూర్తయ్యాకే రెండో పక్క వేస్తారు. ఆమె లాగింది ఒక పక్క మాత్రమే అచ్చయిన షీటు. అక్కడక్కడా పచ్చి అక్షరాలు ఒంటి చెమటకు అంటుకుని, అద్దంలోలా తిరగబడి, లీలగా కనిపిస్తున్నాయి. అంతే. పదహారు పేజీల్లో సగం ఖాళీ.

రేపు తెస్తానని చెప్పొచ్చు. రేపు రెండు పక్కలూ ఉంటాయి. పిన్ని తలెత్తి అక్క ఛాతీ వంక చూసింది. అది పైకి లేవడానికి ఎంతసేపు పడుతోందో చూసింది. రేపు అనే మాట నోట్లోనే ఉండిపోయింది.

మడిచింది. బద్ద లేదు, చెంచా కాడతో నొక్కింది. కత్తితో అంచులు విప్పింది. అక్క ఆమె చేతుల్నే చూస్తోంది.

"పేరేంటే?"

"ఏడో మలుపు దాటాక."

"అదేం పేరు? కండక్టరు చెప్పినట్టుంది." నవ్వబోతే ఆయాసం వచ్చింది. "ముందుమాట వదిలెయ్. ఇన్నాళ్లు మనల్ని ఆగబెట్టినవాడి మాట నాకెందుకు? కథ చదువు."

కథ మొదటి పేజీ అచ్చయిన వైపే ఉంది. పిన్ని చదివింది. ఆ ఉదయం ఆమె నిద్రలేచి జుట్టు దువ్వుకుంది. సంచిలో రెండు జతల బట్టలు పెట్టుకుంది. తలుపు దగ్గరగా వేసింది. వీధి చివర మొదటి మలుపు దాకా ఎవరూ ఎదురుకాలేదు. ఎందుకు వెళ్తున్నావని ఎవరైనా అడిగి ఉంటే ఆమె నిజమే చెప్పేది. నిజానికి ఆమె...

పేజీ అయిపోయింది. పిన్ని తిప్పింది. రెండు తెల్ల పేజీలు.

"ఊఁ," అంది అక్క. "నిజానికి?"

ఇంత కాలం పిన్ని ఒక్క మాటైనా సొంతంగా అల్లి చెప్పలేదు. చెప్పిన అబద్ధాలన్నీ ఒక్క ముక్కలో ముగిసేవే. జ్వరం. టీ. ఇప్పుడు ఎదురుగా రెండు పేజీల తెలుపు. దాన్ని చూస్తే అడవి మొదట్లో బస్సు దిగినట్టే ఉంది. ఆ తెలుపులో ఏముంటుందని భయపడుతూ వచ్చిందో అది కూడా అక్కడే ఉంది. ఇంట్లో ఎవరూ మిగల్లేదు. ఉన్న ఒక్కరూ పోయారు. నాలుక చివరిదాకా వచ్చింది.

"నిజానికి ఆమె," అంది పిన్ని, "ఎవరి మీదా కోపంతో వెళ్లడం లేదు."

"కొట్టలేదా ఎవరూ?"

"కొట్టలేదు. ఇంట్లో అందరూ బాగానే ఉన్నారు. ఎవరూ పోలేదు. ఆమెకు అడవి చూడాలనిపించింది. చాలా ఏళ్లుగా అనిపించింది. భయమేసి ఊరుకుంది. అంతే."

"మరి ఇప్పుడు భయం పోయిందా?"

"పోలేదు. భయంగానే ఉంది. అయినా సంచి సర్దుకుంది." పిన్ని కాగితాన్ని దగ్గరికి లాక్కుంది. "వాళ్లక్క ఆమెను బస్సు దాకా దిగబెట్టింది."

అక్క కళ్లు తెరిచింది. "అక్కా? అక్కుందా దానికి? ఇన్ని ఫారాల్లో ఒక్కచోటా చెప్పలేదే!"

"మొదట్లోనే ఉంది. మనకు మొదలు రాలేదు కదా."

"ఓహో." అక్క పిన్ని మొహంకేసి చూసింది. దుప్పటి కిందనుంచి చెయ్యి తీసి, అది ఎత్తడానికి చాలా కష్టపడి, చూపుడువేలితో పిన్ని ముక్కు చివర ఉన్న చెమటను తుడిచింది.

"చదువు. బాగుంది," అంది. "ఏమందిట ఆ అక్క?"

"సంచి తనే మోసింది. బస్సు మెట్టు మీద చెల్లెలి కాలు ఆగిపోతే, వెనకనుంచి... వెనకనుంచి వీపు మీద చెయ్యి వేసింది. ఎక్కు, నేనిక్కడే ఉంటా, బస్సు మలుపు తిరిగేదాకా ఇక్కడే నిలబడి ఉంటా అంది."

"నేనూ వచ్చుండాల్సింది ఆ రోజు," అంది అక్క. "బస్సు దాకా."

పిన్ని తల వంచుకుంది. అక్షరాలు లేని పేజీలో అక్షరాలు అలుక్కుపోయాయి.

"రచయిత్రి భాష మారిందేంటే ఇక్కడ," అక్క గొణిగింది. "మన భాషలోకొచ్చింది. ఇదే బాగుంది."

పిన్ని పేజీ తిప్పింది. అక్కడ అచ్చు ఉంది. బస్సు కదిలింది, మలుపులు మొదలయ్యాయి. మళ్లీ తిప్పితే మళ్లీ తెలుపు. ఈసారి ఆగలేదు. కిటికీలోంచి ఆమెకు ఏం కనిపించిందో చెప్పింది. పక్క సీటులో కోడిని ఒళ్లో పెట్టుకుని నిద్రపోతున్న ముసలావిడ గురించి చెప్పింది. జలపాతం గురించి చెప్పింది. తాను చూడని ఆ జలపాతం చప్పుడు ఎంత దూరం నుంచి వినిపిస్తుందో కూడా చెప్పింది. తనకింత తెలుసని ఆమెకే తెలియదు. ఖాళీ పేజీల మీద వేలు పెట్టి, వరసలు లేని చోట వరస తప్పకుండా చదువుకుంటూ పోయింది. అక్క చెయ్యి ఆ పేజీ అంచు మీదికి వచ్చి ఆగింది. కుడిచేతి బొటనవేలు కాగితాల మధ్య గుర్తు పెట్టినట్టు ఉంది.

"అక్కడికి ఆరో మలుపు," అంది పిన్ని. "ఇంకొక్కటే ఉంది."

అక్క ఊఁ కొట్టలేదు.

పిన్ని ఆగింది. తల ఎత్తలేదు. పెదవులు వాటంతట అవే కదిలాయి.

అది వాన. అది కుళాయి చుక్క. అది గోడ అవతల టైలరమ్మ కుట్టుమిషను.

కుట్టుమిషను ఆగింది. గది అంతా వింది పిన్ని. గుమ్మంలో ఆరబెట్టిన గొడుగు నుంచి నీళ్లు కారుతున్నాయి. దానికీ పేరు పెట్టింది. తర్వాత వచ్చే చప్పుడు కోసం ఎదురుచూసింది. దాని పేరు ఆమె నాలుక మీద సిద్ధంగా ఉంది. అది రాలేదు. చాలాసేపు, తన గుండె చప్పుడొక్కటే వచ్చింది.

పిలవమంది టైలరమ్మ. పిలవాలి. లేవాలి, తలుపు దాకా నడవాలి. పిన్నికి భయంగానే ఉంది. మంచం పట్టె పట్టుకుని లేచింది.

"ఏడో మలుపు కూడా దాటింది అక్కా," అని చెప్పి, తలుపు తీసుకుని వానలోకి నడిచింది.

మంచం మీద అక్క బొటనవేలి దగ్గర తెరుచుకున్న ఫారం అలాగే ఉంది. రెండు వైపులా తెల్ల కాగితం, దాని మీద తిరగబడ్డ నాలుగైదు అక్షరాలు.